బెంచీ మీద నుంచి బ్లాకులోకి

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఏ ప్రాజెక్టూ లేనివాళ్లని ‘బెంచీ మీద ఉన్నారు’ అనేవారు. చిన్నప్పుడు లెక్కలు రాక బడిలో బెంచీ ఎక్కి నిలబడేవాణ్ని. ఉద్యోగంలో చేరాక బెంచీ మీద కూర్చోనిచ్చి జీతం కూడా ఇచ్చారు. అంతకుమించి ఎదుగుదల కనిపించలేదు.

అమెరికాలో మాకు పనిచ్చే బ్యాంకులు మూతపడుతున్న రోజులవి. విశాఖలో సముద్రానికి ఎదురుగా కొండ మీదున్న మా ఆఫీసులో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుండేవి. ఎవరికో ఫోను వస్తుంది, మీటింగ్ గదిలోకి వెళ్తారు, బయటికొచ్చి కేరేజీ సర్దుకుంటారు. నా ఫోను మోగితే ముందు నా చెయ్యి కేరేజీ మీదికి పోయేది.

ఈ భయం ఇంట్లో చెప్పి ఒప్పించలేకపోయాను. మా నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. ఉక్కునగరం క్వార్టర్లో షిఫ్టు దిగొచ్చి అన్నం తింటూ, “పని నేదంటావు, జీతమిత్తన్నారంటావు. మరి భయమేటిరా నీకు?” అన్నాడు. పని లేకపోవడమే భయమన్నాను. నాకు లెక్కలెందుకు రాలేదో అప్పుడే అర్థమైనట్టు చూశాడు.

ఎవరిని ఏ ప్రాజెక్టులో వెయ్యాలో చూసే మేడమ్ ఒకావిడ ఉండేవారు. ఒక సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి, “నిన్ను బ్లాక్ చేశాను. రేపు పొద్దున్న చిన్న మీటింగ్ గదికి రా” అని పెట్టేశారు.

పక్క కుర్చీలో నాలాగే బెంచీ మీదున్న భీమిలి మిత్రుణ్ని అడిగాను.

“బ్లాకంటే ఏటి బావా?”

“ఏటుంటాది, కార్డు బ్లాక్ సేత్తారు. రేపు గేటు కాడ గీకు, తెలిసిపోద్ది.”

“గేటు తెరుసుకుంటే?”

“లోపలికెల్లి, ఆళ్లు పొమ్మనక ముందే నువ్వే పోతానను. తరిమేసినట్టు రాసిత్తే ఇంకెవుడూ నిన్ను తీసుకోడు.”

మర్నాడు కార్డు గీకితే గేటు తెరుచుకుంది. నా గుండె మాత్రం మూసుకుపోయింది. గదిలో మేడమ్ ఉన్నారు, బల్ల మీద స్పీకర్ ఫోన్ ఉంది. అది ఆన్‌లో ఉందని నేను చూడలేదు. భయమేస్తే బడిలో నేర్చిన భాష నా నోట ఉండదు.

“నానే ఎల్లిపోతాను మేడమ్,” అనేశాను.

ఆవిడ నోరు తెరిచేలోపు బల్ల మాట్లాడింది. ఎవరో తెలుగాయన.

“గుడ్. ఎప్పుడు వెళ్లగలవు?”

“ఇయ్యాలే సార్.”

“మిగతావాళ్లు నెల టైమ్ అడుగుతున్నారు. ఇంట్లో ప్రాబ్లం లేదుగా?”

“ఇంట్లో ఇంకా సెప్పనేదు సార్.”

“ఇతన్నే పంపించండి మేడమ్,” అని ఆయన లైన్ కట్ చేశారు.

మేడమ్ స్పీకర్ ఫోన్ పక్కకి జరిపారు. “ఎక్కడికి వెళ్లిపోదామని?”

“ఇంటికండి. మీరు బ్లాక్ చేశారుగా.”

“బస్సులో సీటుకి కర్చీఫ్ వెయ్యవూ? అదే బ్లాకంటే. ఇంకొకరు పట్టుకుపోకుండా నిన్ను ఇందాక ఫోన్లో మాట్లాడినాయన ప్రాజెక్టుకి ఆపి ఉంచాను,” అన్నారావిడ. “సోమవారానికి గుర్‌గావ్‌లో ఉండాలి. నీ జావా కాదు, పాత బ్యాంకు సాఫ్ట్‌వేర్.”

“అది నాకు రాదండీ.”

“ఆ మాట అక్కడ అనకు. నేర్చుకో.”

పని లేదన్న భయం పోయి పని రాదన్న భయం వచ్చింది. నాకంటే ముందు నా భయానికి బదిలీ అయింది. అయినా కాస్త ధైర్యం తెచ్చుకుని, భీమిలి వాడికి కూడా ఒక కర్చీఫ్ వెయ్యమని అడిగాను.

“చూస్తాను. మధ్యాహ్నం దాటాక నేనుంటే,” అన్నారు.

“సెలవాండీ?”

“అందర్నీ ఏదో ఒక ప్రాజెక్టులో వేసేదాన్ని. నేను ఏ ప్రాజెక్టులో ఉన్నాను బాబూ? భోజనాలయ్యాక నన్నూ ఈ గదికే రమ్మన్నారు.”

ఆవిడ కాగితాలు దగ్గరికి లాక్కున్నారు, చదవలేదు. తలుపు వేసి వెళ్లాలో తీసి ఉంచాలో తెలియక నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.