హాఫ్ టైంలో సన్మానం

మ్యాచ్ ఓడిపోయి మూడు వారాలైంది. ఓడిపోవడం నాకు కొత్తేమీ కాదు. నంద్యాలలో నేను చదివిన డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీముకు ముప్పై ఏళ్ళుగా అభిమానిని. అంతకుముందు మూడేళ్ళు అదే టీములో బ్యాక్ ఆడాను. వానలో ఓడాం, ఎండలో ఓడాం, ఒకసారి అవతల ఎనిమిది మందే ఆడుతున్నా ఓడాం. ఒక వారం తిట్టుకుని మరిచిపోయేవాణ్ణి. ఈసారిది అలా పోవడం లేదు. ఈసారి మమ్మల్ని ఎవరూ ఓడించలేదు, మేమే కుర్చీలు వేసుకుని కూర్చుని ఓడిపోయాం.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. సాయంత్రం బడి వదలగానే ఇంటికి పోకుండా కాలేజీ గ్రౌండుకు పోతాను. అక్కడికి నన్నెవరూ పిలవలేదు, నాకు ఏ పదవీ లేదు. మా ఊళ్ళో ఫుట్‌బాల్ ఎవరికీ పట్టదు. గ్రౌండులో సగం క్రికెట్ వాళ్ళది, మిగతా సగం బర్రెలది. గోల్ పోస్టు మీద హాస్టల్ వాళ్ళు దుప్పట్లు ఆరేస్తారు. అయినా ఏటా పదహారు మంది ఎక్కడినుంచో వచ్చి ఆ నల్లరేగడిలో పరుగెత్తుతారు. వాళ్ళను చూడటం ఒక్కటే నాకున్న వ్యసనం. మా ఆవిడ దాన్ని వ్యసనం అనదు, తెగులు అంటుంది.

ఈ ఏడు కెప్టెన్ డిగ్రీ ఆఖరి సంవత్సరం కుర్రాడు. సున్నిపెంట దగ్గర నల్లమలలో ఒక చెంచు గూడెం వాళ్ళది. ఎండాకాలం అడవి అంటుకోకుండా కాపలా తిరగడం తండ్రి పని. ముప్పై ఏళ్ళలో ఇలాంటి ఫార్వర్డును నేను చూడలేదు. బంతి కాలికి తగలగానే అందరూ బంతినే చూస్తారు, ఇతను మాత్రం తల ఎత్తి గోల్‌కీపర్ ఎక్కడున్నాడో చూస్తాడు. బీపీఎడ్ చదివి పీఈటీ సారు కావాలన్నది అతని ఒకే ఒక కోరిక. యూనివర్సిటీ టీములో ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే ఆ సీటు దగ్గరవుతుంది. ఆ టీముకు ఆటగాళ్ళను ఎంపిక చేసే సెలెక్టరు ఆళ్ళగడ్డలో జరిగే ఇంటర్ కాలేజియేట్ ఫైనల్‌కు వస్తున్నాడని తెలిసింది. వచ్చే ఏడు మా వాడు కాలేజీలో ఉండడు. అతనికి ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

ఫైనల్లో మా ప్రత్యర్థి ఆళ్ళగడ్డ కాలేజీ టీమే. నేను సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కాను. గ్రౌండు పక్కనే రోడ్డు, రోడ్డు వెంబడి శిల్పాలు చెక్కే షెడ్లు. రాయి కోసే మిషన్ల మోతకు రిఫరీ విజిల్ సగం సార్లు వినపడలేదు. విజిల్ వినపడకపోయినా మా వాడి కాళ్ళు ఆగలేదు. పన్నెండో నిమిషంలో ఒక గోల్, ముప్పయ్యో నిమిషంలో ఇంకొకటి. రెండోది కొట్టినప్పుడు వాళ్ళ ఊరి జనం కూడా ఈలలు వేశారు. నేను గట్టు మీదినుంచి దూకి చెప్పు తెంపుకున్నాను. సెలెక్టరు కోసం వేసిన కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది. దారిలో ఉన్నాను, సెకండాఫ్‌కు వచ్చేస్తాను అని ఫోన్ చేశాడట. రానీ, మా వాడి కాళ్ళలో ఇంకా నలభై అయిదు నిమిషాలు ఉన్నాయి అనుకున్నాను.

హాఫ్ టైం విజిల్ పడగానే గేటు దగ్గర మూడు కార్లు ఆగాయి. మా కాలేజీ కరస్పాండెంట్ దిగాడు. ఆయన వెనక తెల్లచొక్కాల మధ్య ఒక పెద్దమనిషి. ఆయన ఎవరో చెప్పను, అవసరం కూడా లేదు. అలాంటివాళ్ళు ప్రతి ఊరికీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళ వెనక ఒకడు అట్టపెట్టెలో శాలువాలు, ఇంకొకడు గోనెసంచిలో బంతిపూల దండలు మోసుకొచ్చారు.

"రెండు కొట్టినారంట కదప్పా, ఇంక గెల్చినట్టే! అన్నకు కొలిమిగుండ్లలో పెండ్లి ఉండాది, అయిపోయేదాకా ఉండలేడు. సన్మానం ఇప్పుడే చేసేద్దాం" అన్నాడు కరస్పాండెంట్.

"సార్, టైము పది నిమిషాలే" అని మా పీఈటీ నసిగాడు.

"పది నిమిషాలు చాల్లేప్పా. ఏందీ నీ తొందర? ఆట యాడికీ పోదు."

రిఫరీ ఏమైనా అంటాడేమో అని చూశాను. ఆయన అప్పటికే పెద్దమనిషి పక్క కుర్చీలో కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. గ్రౌండు మధ్యలోకి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. చెమటతో తడిసిన పిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి పేరూ మైకులో పిలవడం, లేచి రావడం, శాలువా, దండ, చప్పట్లు. ఫోటో సరిగా రాలేదని గోల్‌కీపర్‌కు రెండుసార్లు దండ వేశారు. పెద్దమనిషి మైకు పట్టుకుని చిన్నప్పుడు తను ఎంత బాగా ఆడేవాడో చెప్పాడు. చివర్న తెలిసింది, ఆయన చెప్పింది క్రికెట్ గురించి. తర్వాత కరస్పాండెంట్ మాట్లాడాడు, కరస్పాండెంట్ తమ్ముడు మాట్లాడాడు. పాత ఆటగాణ్ణని మైకు నాకూ ఇచ్చారు. నేనూ రెండు మాటలు మాట్లాడాను.

అవతలి గట్టు కింద ఆళ్ళగడ్డ టీము కూర్చోలేదు. వాళ్ళ పీఈటీ సన్నటి ముసలాయన. చేతిలో కట్టె పట్టుకుని వాళ్ళను లైను వెంబడి మెల్లగా పరుగెత్తిస్తున్నాడు. "ఎవుడన్నా కూర్చున్న్యాడంటే కాళ్ళిరగ్గొడ్తా!" అని ఆయన అరవడం మా మైకు మోతలో కూడా వినపడింది. ఆ మనిషిని చూసి ముచ్చటపడ్డాను. మనవాళ్ళలో ఒక్కడికైనా అంత బుద్ధి లేదే అని అప్పుడే అనిపించింది. సరిగ్గా ఆ సమయంలో సెలెక్టరు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

పది నిమిషాలన్నది ముప్పావుగంట అయింది. కార్లు వెళ్ళిపోయాయి. మా పిల్లలు దండలు తీసి కుర్చీల మీద పడేసి గ్రౌండులోకి దిగారు. దిగిన అయిదో నిమిషంలో కెప్టెన్ పిక్క పట్టుకుని కూలబడ్డాడు. లేచి కుంటుతూ ఆడాడు. ఒకసారి గోల్ ముందు ఒంటరిగా బంతి దొరికింది. పసిపిల్లవాడు కూడా తోసేసేంత దగ్గర. కాలు లేవక బంతి పక్కకు పోయింది. ఆళ్ళగడ్డ వాళ్ళు ఒకటి కొట్టారు, రెండోది కొట్టారు, ఆఖర్లో మూడోది కూడా కొట్టారు. మా బ్యాకులు నీళ్ళలో నడుస్తున్నట్టు నడిచారు. నేను ఎవరెవర్ని ఏమేం తిట్టానో రాయలేను, నేను బడిపంతుల్ని.

విజిల్ పడ్డాక సెలెక్టరు దగ్గరికి పరుగెత్తాను. నోట్‌బుక్‌లో ఆళ్ళగడ్డ పదో నంబరు కుర్రాడి వివరాలు రాసుకుంటున్నాడు.

"సార్, మా కెప్టెన్ ఫస్టాఫ్‌లో రెండు కొట్టినాడు. మీరు చూళ్ళేదు" అన్నాను.

"నేను వచ్చేటప్పటికి మైకు పక్కన నిలబడుండాడే, ఆ పిల్లోడా?" అన్నాడు. "నేను చూసింది రాయాల గానీ విన్నది రాయలేను కదా సార్. నేను చూసినంతవరకు ఆ పిల్లోడికి ఫిట్‌నెస్ ల్యా." ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. నోట్‌బుక్ మూసి మోటార్ సైకిల్ ఎక్కాడు.

ఆళ్ళగడ్డ బస్టాండులో నిలబడి ఫోన్ తీస్తే కాలేజీ వాట్సాప్ గ్రూపులో నలభై ఫోటోలు. కింద "విజేతలకు హృదయపూర్వక అభినందనలు" అని కరస్పాండెంట్ పేరుతో పోస్టు. దానికి ఊరి పెద్దలంతా దండాలు, చప్పట్లు, పూలగుత్తులు. ఓడిపోయామని ఎవరో ఒక ముక్క పెడితే దాని కింద ఎవరూ ఏమీ అనలేదు. పది నిమిషాల తర్వాత మళ్ళీ ఒకాయన అభినందనలు చెప్పాడు. ఛీ! ఆ పోస్టు ఇవాళ్టికీ అలాగే ఉంది.

నంద్యాల బస్సులో కెప్టెన్ పక్కన కూర్చున్నాను. అతను కిటికీ వైపు కూర్చుని పిక్క ఒత్తుకుంటున్నాడు. శిరివెళ్ళ దాకా నేను ఆపకుండా తిట్టాను. కరస్పాండెంటును తిట్టాను, ఆ పెద్దమనిషిని తిట్టాను, పెళ్ళికి పోయేవాడికి గ్రౌండులో ఏం పని అన్నాను. కాళ్ళు వేడిగా ఉన్న పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి చంపేశారు దొంగ నాయాళ్ళు అన్నాను. అతను అన్నింటికీ తల ఊపాడు. శిరివెళ్ళ దాటాక నా వైపు తిరిగాడు.

"సార్, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దండి. కుర్చీలో కూర్చున్నంతసేపూ నేను పాదాలు ఆడించుకుంటానే ఉన్న్యా. కాలు బాగానే ఉండె. మీరు మాట్లాడేటప్పుడు నన్ను లేపి పక్కన నిలబెట్టుకున్న్యారు కదా, అప్పుడు పట్టేసింది."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. మైకు చేతికి రాగానే నేను అతన్ని పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, కదలకుండా పట్టుకుని మాట్లాడాను. గూడెం గురించి, అడవిలో మంటల వెంట తిరిగే తండ్రి గురించి, మొదటిసారి బూట్లు వేసుకుని ఇతను జారిపడ్డ రోజు గురించి. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టేకొద్దీ నాకు మాటలు ఊరుతూ వచ్చాయి. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే కూడా నేను అంతే, పాస్టరుగారు గొంతు సవరించుకునేదాకా దిగను. ఆ రోజు అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది నేనే.

"అప్పుడే చెప్పొచ్చు కదా నాయనా, కాలు పట్టేసిందని?" అన్నాను.

"మా నాయన గురించి చెప్తాంటిరి సార్" అన్నాడు. "అంతమంది వింటాండారు. మధ్యలో ఎట్ల ఆపమంటా?"

మళ్ళీ కిటికీ వైపు తిరిగి పిక్క ఒత్తుకోసాగాడు. మూడు వారాలుగా ఇంట్లో, స్కూల్లో, చర్చి మెట్ల మీద కనపడిన వాళ్ళందరి దగ్గరా ఆ పెద్దమనిషినీ కరస్పాండెంటునూ తిడుతూనే ఉన్నాను. అందరూ అవునవును అంటున్నారు. బస్సులో అతను చెప్పిన ఈ మాట మాత్రం ఇప్పటిదాకా ఒక్కరికీ చెప్పలేదు.