పంచెకి జేబు ఉండదండి

నిన్న మా గోడౌన్లో కొత్త చార్జర్‌ని ఎంత భద్రంగా బిగించామంటే, మధ్యాహ్నం దాకా దానికి కరెంటే అందలేదండి. ఆ ఘనత నాదే.

కొవ్వూరులో మాది బియ్యం వ్యాపారం. బస్తాలెత్తడానికి బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ కొన్నాం. దాని చార్జర్ ఫోన్ చార్జర్ లాంటిది కాదు, బీరువా అంత ఉంటుంది, త్రీ ఫేజ్ కరెంటు కావాలి. నిన్న శుక్రవారం, పదిన్నరకి రాహుకాలం. అందుకని నాన్నగారు పదీ పదికి ముహూర్తం పెట్టించారు. కిందటేడు తూకం మెషిన్‌ని నేను తొందరపడి రాహుకాలంలో ఆన్ చేస్తే వారంలో మూలపడింది. ఈసారి తేడా వస్తే గోడౌన్ గుమ్మం తొక్కొద్దన్నారు.

రాజమండ్రి నుంచి ఎలక్ట్రీషియన్ సత్తిబాబు గారు ఏడింటికే వచ్చారు. నేను కుదురుగా ఉండే మనిషిని కాదు కదా. ఆయన కేబుల్ కొలుస్తుంటే అయ్యిందా అండి, ఎర్త్ బిగిస్తుంటే అయ్యిందా అండి. ఒకసారి వైరు చివర పట్టుకుని చూడబోయాను కూడా. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టేశారు.

"మీకో డ్యూటీ ఇస్తానండి." మెయిన్ స్విచ్ ఆపేసి, ఆ బాక్సుకి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నేను వైర్ల మీద చెయ్యేసి ఉండగా ఎవరైనా స్విచ్ వేస్తే నా పని అయిపోయినట్టే. ఇది మీ జేబులోనే ఉండాలి."

"రెండో చెవి ఏదండి?"

"రెండోది ఉంటే ఇంక తాళం ఎందుకండి?"

మనిషి ప్రాణం నా జేబులో ఉంది. ఐదు నిమిషాలకోసారి తడుముకున్నాను.

తొమ్మిదీ ముప్పావుకి పని అయిపోయింది. ఆయన ఒక్కో బోల్టూ మళ్లీ లాగి చూసుకుంటుంటే, నాన్నగారు నన్ను ఎగాదిగా చూశారు. "గ్రీజు ప్యాంటుతో కొబ్బరికాయ కొడతావేంట్రా? పంచె కట్టుకో." ఆఫీసు గదిలోకి పరిగెత్తి కట్టుకొచ్చాను. మా ఆవిడ పులిహోర గిన్నె మర్చిపోయానంటూ ఇంటికి బయల్దేరుతోంది. ప్యాంటు ఆవిడ స్కూటీ మీద పడేశాను.

"ఇప్పుడే మెషిన్లో వెయ్. ఆరితే మరక పోదు."

"సాయంత్రం వేస్తాలెండి."

"నీకన్నీ సాయంత్రమే. వెళ్లగానే వెయ్."

పదీ పది అయ్యింది. కొబ్బరికాయ, హారతి సిద్ధం. సత్తిబాబు గారు చెయ్యి చాపారు. "చెవి ఇవ్వండి."

నడుం తడుముకున్నాను. పంచెకి జేబు ఉండదు కదండీ.

ఇంటికి ఫోన్ కొట్టాను. "రాగానే వేసేశానండి, తిరుగుతోంది," అంది మా ఆవిడ. ఆపమన్నాను. "ఆపినా తలుపు తెరుచుకోవట్లేదండి. నిండా నీళ్లు. ఇంకా నలభై నిమిషాలు చూపిస్తోంది."

సుత్తి తీసుకుని తాళం మీదకి వెళ్లాను. సత్తిబాబు గారు అడ్డం నిలబడ్డారు. "కరెంటు బాక్సు మీద సుత్తా అండి? పొద్దున్నుంచి నేను చేసిందంతా దేనికి?" అలా వాదించుకుంటుండగానే పదిన్నర దాటింది. నాన్నగారు కొబ్బరికాయని తిరిగి సంచీలో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. తిట్టినా బాగుండేది, నాకు నిజంగా ఏడుపొచ్చింది.

రాహుకాలం పోయి పన్నెండు దాటాక, మా ఆవిడ తెచ్చిన తళతళలాడే చెవితో తాళం తీశాం. చార్జర్ మీద పచ్చలైటు వెలిగింది. చిన్న నిప్పురవ్వ కూడా లేదు. నాన్నగారు మాత్రం ఇంకా నావైపు చూడలేదు.

సత్తిబాబు గారు సామాన్లు సర్దుకుంటూ అన్నారు. "అబ్బాయి గారిని ఏమీ అనకండి పెద్దాయనా. ఇన్నేళ్లలో ఎంతోమందికి తాళంచెవి ఇచ్చాను. ఉతికి మరీ తిరిగిచ్చింది ఈయనొక్కరే."

నాన్నగారు పులిహోర పొలమారేంత నవ్వారు. గోడౌన్‌కి రావచ్చట, ప్యాంటుతోనే రావాలట.

అన్నట్టు, దాని మీద గ్రీజు మరక పోలేదండి.