అత్తగారి సూది, కోడలి పథ్యం

చైఫెంగ్ నోట్లో నువ్వుగింజ నానదని చైనాలోని రూగావ్ చుట్టుపక్కల పేగుల పని చేసేవాళ్ళందరికీ తెలుసు. ఆమె పుట్టింటివాళ్ళు కూరగాయల రైతులు. కోడలిగా వచ్చిన మొదటి రోజే, పెళ్ళి బట్టలతో పెరట్లోకి వెళ్ళి, తొట్టెల్లో నానుతున్న పంది పేగుల్ని చూసి, "ఈ కంపులో మనుషులెలా బతుకుతారో" అని గట్టిగానే అంది. వెనక నిలబడి వింటున్నది అత్తగారు యిన్‌మెయ్. ఆవిడ ఒక వెదురు బద్ద తెచ్చి కోడలి చేతిలో పెట్టి, "ఇదిగో, ఇలా బతుకుతారు" అని పేగుని ఎలా గీకాలో చూపించింది. ఆ అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

కంపు సంగతి నెల తిరిగేసరికి చైఫెంగ్ మర్చిపోయింది. పని మాత్రం బాగా పట్టుబడింది. పేగుకి చిల్లు పడకుండా లోపలి జిగురంతా గీకేస్తే పలచటి గొట్టం మిగులుతుంది. అది ఉప్పు పట్టి సాసేజీల వాళ్ళకి వెళ్తుంది. గీకిన జిగురేమో కొట్టంలోని కాగులోకి వెళ్తుంది. దాన్ని ఉప్పునీళ్ళలో కాచి, వడగట్టి, తెల్ల రెసిన్ పూసలు వేసి తిప్పితే, అందులో ఉన్న హెపారిన్ అనే పదార్థం పూసలకి అంటుకుంటుంది. పూసల్ని కడిగిన నీళ్ళలో ఆల్కహాలు పోస్తే అడుగున తెల్లగా పేరుతుంది. ఆరబెట్టి, పిండి చేసి ఫ్యాక్టరీకి పంపిస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు అందులోంచే వస్తుందని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ మందు మొహం ఎవరూ చూసి ఎరగరు.

మామగారు చనిపోయిన ఏడాది యిన్‌మెయ్ గ్వాన్‌యిన్ దేవత ముందు అగరుబత్తి వెలిగించి మాంసం మానేసింది. "ఈ చేతులు గీకినన్ని పందుల్ని దేవుడే లెక్కపెట్టలేడు. నోరైనా శుభ్రంగా ఉండనీ" అంది. తనకంటూ విడిగా ఒక బాణలి పెట్టుకుంది. పంది కొవ్వు తగిలిన గరిటె దాని దగ్గరికి వస్తే ఇల్లు ఎగిరిపోయేది. చైఫెంగ్‌కేమో ఎర్రగా వేయించి, సోయా సాసులో ఉడికించిన పంది మాంసం లేకపోతే ముద్ద దిగదు. అత్తగారు టోఫూ నములుతుంటే ఎదురుగా కూర్చుని, తొక్క ఉన్న ముక్కని కావాలని చప్పుడు చేస్తూ జుర్రుకునేది.

"నోరు మూసుకుని తినలేవా?"

"మూస్తే లోపలికెలా వెళ్తుంది అత్తయ్యా?"

ఆ బాణలిలో చైఫెంగ్ రెండు మూడుసార్లు గుట్టుగా పంది కొవ్వు వేసిన మాట కూడా నిజమే. బలానికి వేశానంటుంది. ప్రతిసారీ దొరికిపోయింది. ఆమె అబద్ధం చెబితే కుడి కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుంది. ఆ సంగతి అత్తగారికి తెలుసు, ఆమెకి తెలియదు. మధ్యలో చైఫెంగ్ మొగుడు వెన్‌బావ్ ఇద్దరి వంకా చూసి, ముల్లంగి ఊరగాయ నంజుకుంటూ తన గిన్నెలో మొక్కజొన్న జావ తాగి లేచిపోయేవాడు. ఆ ఇంట్లో అంతకంటే తెలివైన పని ఇంకొకటి లేదు.

యిన్‌మెయ్‌కి ఎనభై దగ్గరపడ్డా రోజూ పొద్దున్నే కొట్టంలోకి వెళ్ళి కాగులో వేలు పెట్టి చూడకపోతే తోచేది కాదు. పిలిచినవాళ్ళు లేరు, వద్దంటే వినేది కాదు. అలా వెళ్ళిన ఒక పొద్దున తడి నేల మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు నర్సు ఒక చిన్న సూది తెచ్చి ముసలావిడ పొట్ట మీద గుచ్చింది.

"ఇదెందుకమ్మా?" అంది చైఫెంగ్.

"కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది కదా. అందుకు. హెపారిన్."

చైఫెంగ్ లేచి నిలబడింది. తన పెళ్ళికి కూడా ఆమె అంత సంబరపడలేదు. ఖాళీ సూదిని నర్సు చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, వార్డులో మంచం మంచానికీ తిప్పి చూపించింది. "చూశారా, ఇది మాదే. మా కాగులోదే. మా అత్తయ్య గీకడం నేర్పితే నేను తీసిన మందు, తిరిగి తిరిగి మా అత్తయ్య పొట్టలోకే వచ్చింది." పక్క మంచాలవాళ్ళు మెచ్చుకున్నారు. ఒకాయన లేచి కూర్చుని మరీ చూశాడు.

అత్తగారి మంచం మీంచి సన్నగా మాట వినిపించింది. "పేగుల్లోదా?"

అప్పుడు చైఫెంగ్ నాలుక కరుచుకుంది. కానీ ఏం లాభం? యిన్‌మెయ్ దుప్పటి గడ్డం దాకా లాక్కుని, పొట్ట మీద రెండు చేతులూ అడ్డంగా పెట్టుకుంది. మర్నాడు నర్సు వస్తే ఆ చేతులు తియ్యలేదు.

డాక్టరొచ్చి చెప్పాడు. గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదన్నాడు. ఈవిడకి సరిపడేది ఈ సూదే, ఇంటికెళ్ళాక కూడా నెల్లాళ్ళు పడాలన్నాడు. యిన్‌మెయ్ మర్యాదగా అంతా విని, "ఈ వయసులో పోయినా నష్టమేం లేదు బాబూ" అంది. వెన్‌బావ్ జీవితంలో మొదటిసారి వరసగా నాలుగు మాటలు మాట్లాడి వరండాలోకి వెళ్ళిపోయాడు.

చైఫెంగ్ రంగంలోకి దిగింది. "అత్తయ్యా, నేను పొరపడ్డాను. ఆ మందు వేరే. ఇది సముద్రపు నాచులోంచి తీస్తారట."

"కనుబొమ్మ దించు."

"సరే, పేగుల్లోదే అనుకో. నోట్లోంచి పోవట్లేదు కదా? పొట్టలోంచి కదా?"

"ఏ దారిన పోయిందని అడుగుతారా ఏమిటి పైన?"

"పైన అడిగితే నా పేరు చెప్పు. కోడలు గుచ్చిందని చెప్పు."

"నీ పేరు చెప్తే ఉన్న పుణ్యం కూడా పోతుంది."

ఆ మాటకి చైఫెంగ్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. అత్తగారి పాదం దుప్పట్లోంచి బయటికి ఉంది. అది నిన్నటికంటే ఉబ్బిందో, దీపం వెలుగుకి అలా కనిపిస్తోందో ఆమెకి తెలియలేదు. ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోకమంతటికీ మందు పంపిన ఇంట్లోంచి, మందు లేక మనిషి పోతుందా? అదీ తన నోటి దురద వల్ల?

"అత్తయ్యా, నాకు భయంగా ఉంది. నువ్వు పోతే నన్ను తిట్టేవాళ్ళెవరు? ఆయన తిట్టడు, ఆయనకి మాటలే రావు. తిట్టేవాళ్ళు లేని ఇంట్లో నేనుండలేను."

యిన్‌మెయ్ వ్యాపారం మాట్లాడే గొంతుతో అంది. "నా వ్రతానికి చిల్లు పడుతుంది. ఎవరో ఒకరు దానికి అతుకు వెయ్యాలి. నాకు సూది పడ్డ రోజున నువ్వు మాంసం ముట్టకూడదు."

"రోజూనా?"

"సూది రోజూనే కదా."

"గుడ్లు?"

"లేవు."

"వెల్లుల్లి?"

"అదీ లేదు. ఆలోచించుకో, తొందరేం లేదు, పోయేది నేనే కదా."

చైఫెంగ్ వెళ్ళి నర్సుని పిలుచుకొచ్చింది.

ఇంటికొచ్చాక సూది పొడిచే పని ఆమెదే అయింది. ముప్పై ఏళ్ళుగా పేగుకి చిల్లు పడకుండా గీకిన చెయ్యి, అత్తగారి పొట్టకి చిల్లు పెట్టడానికి జంకింది. "పంది దగ్గర లేని భయం నా దగ్గరెందుకే" అని అత్తగారే ధైర్యం చెప్పాల్సొచ్చింది. పగలంతా పేగుల మధ్య పని, సాయంత్రం బూడిద గుమ్మడికాయ. ఊరు విరగబడి నవ్వింది. మేనమామ కూతురి పెళ్ళిలో ఎర్రటి మాంసం పళ్ళెం ముందుకొస్తే, చైఫెంగ్ మొహం పక్కకి తిప్పుకుని పుట్టగొడుగులు నమిలింది. పక్కనున్నవాళ్ళు అడిగితే, "మా అత్తయ్య ఒప్పందం" అని అదేదో బిరుదులా చెప్పుకుంది.

ఒకసారి మాత్రం ఇంట్లో ఎవరూ లేరు. వెన్‌బావ్ కోసం చేసిన కూర అడుగున ఒక ముక్క మిగిలింది. తొక్క ఉన్న ముక్క. చైఫెంగ్ చాప్‌స్టిక్కులతో తీసి నోటి దాకా తెచ్చింది. తింటే ఎవరికీ తెలియదు. కానీ ఇది మింగిన క్షణాన ఆ సూది పనిచెయ్యడం మానేస్తే? పిచ్చి ఆలోచనే, ఆమెకీ తెలుసు. తన కాగులో తీసిన మందు మీద అంతకు ముందెప్పుడూ లేని అనుమానం, ఆ ఒక్క ముక్క చూశాక పట్టుకుంది. ముక్క తీసుకెళ్ళి కుక్కకి పడేసి, అది తింటుంటే చూడలేక లోపలికి వచ్చేసింది.

ఆఖరి సూది పడిన మర్నాడు చైఫెంగ్ కొట్టంలో పూసలు కడుగుతుంటే, సోయా సాసూ, చక్కెరా, పంది కొవ్వూ కలిసి వేగుతున్న వాసన వచ్చింది. చేతులు తుడుచుకోకుండానే వంటింట్లోకి పరిగెత్తింది. యిన్‌మెయ్ ఒక చేత్తో వాకర్ పట్టుకుని, ఇంకో చేత్తో మాంసం కలుపుతోంది. పొయ్యి మీద ఉన్నది ఆవిడ బాణలే. ఇన్నేళ్ళూ కొవ్వు తగిలిన గరిటె కూడా సోకనివ్వని బాణలి.

"అత్తయ్యా, అది నీ బాణలి."

"నాకు కళ్ళు బాగానే ఉన్నాయి. కూర్చో."

గిన్నె నిండా పెట్టింది. చైఫెంగ్ మొదటి ముక్క నోట్లో వేసుకుంది. మెత్తగా ఉడికింది. కానీ చప్పగా ఉంది, చక్కెర తప్ప ఇంకేమీ తెలియడం లేదు. గడపకి అవతల పైకప్పు దాకా ఉప్పు బస్తాలున్న ఇంట్లో, కూరలో ఉప్పు పడలేదు. వండినావిడ రుచి చూడలేదు మరి. చైఫెంగ్ ఒక్క ముక్క మిగల్చకుండా తింది. కళ్ళు తుడుచుకుంటూ తింది. మాట్లాడకుండా తింది. ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ చూడని విడ్డూరం అది.

"ఉప్పు సరిపోయిందా?" అంది అత్తగారు.

"సరిగ్గా సరిపోయింది అత్తయ్యా."

యిన్‌మెయ్ కోడలి కుడి కనుబొమ్మ వైపు చూసింది. వాకర్ జరుపుకుంటూ వెళ్ళి, ఉప్పు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టి, బాణలిలో మిగిలింది కూడా గిన్నెలోకి వంచింది.