పిచర్‌ని పంపేసిన రోజు

మొన్న పాత బట్టల షాపులో ఒక నీలం బేస్‌బాల్ జెర్సీ కనిపించింది. వెనక, ఒకప్పుడు మా ఇంట్లో అందరూ తిట్టుకున్న పిచర్ పేరుంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. విదేశంలో, ఎటోబికో అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఇంటి బేస్‌మెంట్‌లో, వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన శ్రీకాంత్ అన్న అద్దెకుండేవాడు. చివర్లో బంతి వేయడానికొచ్చి గెలిచే ఆటలు పోగొడుతున్న ఆ పిచర్‌ని మా టీమ్ వేరే ఊరి టీమ్‌కి ట్రేడ్ చేసిందని, అంటే మరో ఆటగాడికి బదులుగా ఇచ్చేసిందని, టీవీలో చెప్పగానే నాన్న చప్పట్లు కొట్టారు.

"పీడ వదిలింది! లెక్కల్లో మళ్లీ ఇవే మార్కులొస్తే నిన్నూ ట్రేడ్ చేసేస్తా" అన్నారు నాతో.

నిజమేననుకున్నాను. సోఫాలో నాన్నకీ శ్రీకాంత్ అన్నకీ మధ్య ఇరుక్కుని, లేస్తే ఏడుపొస్తుందని కదలకుండా కూర్చున్నాను.

"పంపే ముందు ఆ పిచర్‌ని అడుగుతారా?" అన్నాను అన్నతో, మెల్లగా.

"అడగరు చిట్టీ. బ్యాగ్ సర్దుకోమంటరు, అంతే."

ఆ రాత్రి అన్న తినకుండానే కిందికి వెళ్లిపోయాడు. వెనకే వెళ్లి, నన్ను ట్రేడ్ చేస్తే తనతో తీసుకెళ్లమన్నాను.

"సరే, ఒక్క టీమ్‌లనే ఉందాం" అని గోడవైపు తిరిగాడు.

ఆ వారమే కాలేజీ అతన్ని తీసేసిందని, ఇక్కడ ఉండే వీల్లేక, ఇంటికి వెళ్లే మొహం లేక నలిగిపోయాడని అమ్మ ఏళ్ల తర్వాత చెప్పింది. ఆ రోజు నేను అతన్ని ఓదారుస్తున్నానని నాకే తెలియదు.