పోవుడు ముక్క, వచ్చుడు ముక్క

మా బామ్మర్ది మొన్న పొద్దున కోదాడలో పోయాడు. చాయ్ చేతిలో ఉండగానే, కుర్చీలోనే. చెప్పకుండా బయలుదేరడం వాడికి లారీ తోలిననాటి నుంచీ అలవాటే. ఎంత తిట్టినా మారలేదు.

మిర్యాలగూడ మిల్లుల బియ్యం వయసంతా తోలినవాడు. షుగరు ముదిరి కుడికాలు మోకాలి కింద తీసేశాక గోడ చూస్తూ కూర్చున్నాడు. అన్నం ముందు పెట్టినా ముట్టలేదు. వాడి అల్లుడు తన పాత గేమ్ డబ్బా తెచ్చి టీవీకి తగిలించాడు. అందులో లారీ తోలే గేమ్ కూడా ఆడొచ్చని తెలిసిందో లేదో, మా వాడు నా ప్రాణం తీశాడు.

"ఒక్కసారి బండెక్కియ్యి బావా" అన్నాడు. ఆ మాటన్నాక ఎట్లా కాదంటాను?

గేమ్ ఎక్కించుకు రావడానికి డబ్బాకు తగిలించే డిస్కు జేబులో వేసుకుని సూర్యాపేట సెల్ షాపుకు పోయాను. డిస్కు పాత పద్ధతిదట, నాలుగు జీబీలు దాటిన ఫైలు ఒక్కటిగా అందులో పట్టదట. గేమేమో అంతకంటే పెద్దది. షాపాయన డిస్కును కొత్త పద్ధతికి మార్చి ఎక్కించాడు. తెచ్చి పెడితే డబ్బా దాని మొహమే గుర్తుపట్టలేదు. ముసలి డబ్బాకు పాత పద్ధతే కావాలట. మళ్లీ బస్సు. ఈసారి డిస్కును వెనకటిలాగే చేసి, గేమును రెండు ముక్కలు కోసి పెట్టాడు. డబ్బాయే కలుపుకుంటుంది, దేన్నీ ముట్టుకోవద్దన్నాడు. అదే మాట మా వాడికి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను.

తెల్లారి ఫోన్, గేమ్ రావడం లేదని. పోయి చూస్తే ఒక్క ముక్కే ఉంది.

"రెండోదేదిరా?"

"తీసేసిన బావా. మొదటిది పోవుడు, రెండోది వచ్చుడు గదా. పోయినంక ఎక్కియ్యొచ్చు, ఊకె లోడెందుకని."

"లోడు గాదురా, ఇంజన్ల సగమది."

వాడు మోకాలు తడుముకున్నాడు. "సగం తీసినంక బండి నడవదని నాకన్న తెల్వాలె గదా బావా" అన్నాడు.

డిస్కు పీకి జేబులో వేసుకున్నాను. వచ్చిన బస్సెక్కి మళ్లీ సూర్యాపేట పోయాను. చదువు రాని నాకు జీబీ అంటే ఏమిటో నేర్పిన పుణ్యం వాడిదే.

మూడోసారి బండి కదిలింది. మలుపు రాగానే లేని కాలితో బ్రేకు తొక్కాడు. లుంగీ అంచు ఖాళీగా ఊగింది. పక్క కుర్చీలో ఉన్న నన్ను చూడకుండానే, "చెయ్యి లోపల పెట్టు బావా" అన్నాడు. ఆ పూట అన్నం అడిగి తిన్నాడు.

నిన్న మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మలుపు వచ్చింది. ఎవరూ అనకముందే చెయ్యి లోపలికి తీసుకున్నాను.