దసరా నూనె తాగిన డోజర్

మా ఆయన పాత బుల్‌డోజర్ ఎడమకు తప్ప ఎటూ పోనని మొండికేసిన రోజు తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు.

అది శాలిబండలో మా షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఉండేది. చక్రాలుండవు, రెండు ఇనుప పట్టాల మీద నడుస్తుంది. తిప్పడానికి రెండు లివర్లు. ఎడమది లాగితే ఆ పక్క క్లచ్ విడిపోయి ఎడమ పట్టాకు ఇంజిన్ బలం ఆగి, బండి అటు తిరుగుతుంది. ఆ రోజు లివర్ ముట్టకుండానే తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు, పైన మా ఆయన, అచ్చం గానుగ తిరిగినట్టు!

మర్నాడు మలక్‌పేటలో జాగా చదును చేసే పని ఉంది. బండి చక్కగా నడిస్తే ఆ పనికి, లేకపోతే ఆ రోజే మధ్యాహ్నం లారీతో వచ్చే తుక్కు సేటుకు. అలా అని సేటుకు మాటిచ్చేశాడు. మా పెళ్లికి ముందు నుంచీ ఆయన నడిపిన బండి అది. పొద్దున ముద్ద కూడా ముట్టలేదు.

పక్క షెడ్డు మెకానిక్ భాయ్ వచ్చాడు.

"లివర్‌కు జర ఆట ఉండాలె భాయ్, కొంచెం వదులు. లేకుంటే క్లచ్ సగమే పట్టుకుంటది."

ఆట సరిచేశారు. మళ్లీ గానుగే. బ్రేకు పట్టేసిందేమోనని వదులు చేశారు. అయినా గానుగే.

"నాకు తల తిరుగుతుంది భాయ్."

"నీకు తలనే. దానికి ఒళ్లంత తిరుగుతుంది!"

చివరికి భాయ్ కిందికి దూరి ఎడమ క్లచ్ పెట్టె బిరడా విప్పాడు. నూనె బొటబొటా కారింది. మా ఆయన మొహం పాలిపోయింది.

"ఇది పొడిగ ఉండే క్లచ్, నూనె తగిలితే జారుతది. లోపలి నూనె ఆపే సీల్ పోయిందా ఏంది? గట్లయితే రిపేరు ఇయ్యాల కాదు," అన్నాడు భాయ్.

భాయ్ వేలు వాసన చూశాడు. మళ్లీ చూశాడు. "అరే, ఇది మెషిన్ నూనె కాదు భాయ్. నువ్వుల నూనె!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. చేతిలో చాయ్ గ్లాసులతో నేను.

దసరాకు పనిముట్లు కడిగి, నూనె రాసి, బొట్టు పెట్టడం మా ఇంటి పద్ధతి. మొన్నటి పండుగకు డోజర్‌కు రాస్తుంటే ఎడమ పక్కన చిన్న మూత కనబడింది. తెరిస్తే లోపల అంతా ఎండిపోయి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది.

"పాపం, పొడిగుంటే పోసిన."

"ఎంత పోసినవే?"

"చెంబెడు."

"నా తలకు ఎన్నడన్న గంత పెట్టినవా?"

భాయ్ నేల మీద చతికిలబడి నవ్వాడు. "ఖుష్‌గ ఉండు భాయ్, సీల్ మంచిగనే ఉంది. భాభీ, కిరసనాయిల్ డబ్బా తే!"

కిరసనాయిలు పోయడం, బిరడా బిగించి బండిని కాసేపు నడపడం, లివర్ లాగి వదలడం, మళ్లీ కింద నుంచి వదిలేయడం. మొదటిసారి జిడ్డుగా వచ్చింది, రెండోసారి పలచగా. మూడోసారి తేటగా వస్తుండగా గేటు దగ్గర లారీ హారన్!

మా ఆయన ఎక్కి బండి కదిలించాడు. లివర్లు వదిలి రెండు చేతులూ పైకెత్తేశాడు. డోజర్ గీత గీసినట్టు సూటిగా లారీ మీదికే పోయింది. లారీ గబగబా వెనక్కి పోయింది.

"సక్కగనే నడుస్తుంది గద! నన్నెందుకు పిలిచినవయ్యా?" అని సేటు కిటికీలోంచి అరుపు.

ఈ దసరాకు ఆ మూత మీద పెద్ద బొట్టు పెట్టి వదిలేశాను. నూనె మాత్రం మా ఆయన తలకే పెట్టాను. చెంబెడు.