వదిన చెవికమ్మ

మా వదిన పోయిందన్న ఫోను వచ్చేసరికి మా ఆయన కర్నూలులో డయాలసిస్ మంచం మీద ఉన్నాడు. ఎడమచేతిలో రెండు సూదులు, పక్కన మిషను తిరుగుతోంది. చేసింది వదిన కొడుకు. "అత్తా, అమ్మ పడిపోయింది. డాక్టరు వచ్చి చూసి లేదన్నాడు" అని బావురుమన్నాడు. ఆ పొద్దున మమ్మల్ని పత్తికొండలో బస్సెక్కించి పోయిన మనిషి ఆమె.

వదిన అంటే మా ఆయనకు అక్క. వరండాలోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. మిషను మీద ఉండగా చెబితే బీపీ ఏమవుతుందోనని నర్సు వద్దంది. అట్లా ఆ మధ్యాహ్నమంతా వదిన సంగతి నాకొక్కదానికే తెలిసి, ఆయనకు తెలియకుండా ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో అలా జరగడం అదే మొదటిసారి.

ఆమెను తలుచుకుని నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. రాస్తాను కూడా. కానీ ముందే చెబుతున్నా, నాకు ఆమె అంటే కుళ్లు. ఇప్పటికీ పోలేదు.

ఆయన కిడ్నీలు చెడిపోయాక ఎడమచేతిలో ఒక ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. సూదులు గుచ్చేది అక్కడే. వేళ్లు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది, చెవి పెడితే తుమ్మెద రొదలాగా వినిపిస్తుంది. ఆ రొద ఆగిందంటే దారి మూసుకుపోయినట్టు, ఉన్నపళాన ఆసుపత్రికి పరుగెత్తాలి. రోజూ చూసుకోవాలి, ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ వేయనివ్వకూడదు, బిగుతుగా ఏదీ కట్టకూడదు అని నర్సు అన్నీ చెప్పి, "ఇంట్లో ఎవరు చూసుకుంటారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపల వదిన "నేనుండాను గదా" అనేసింది. పెళ్లాన్ని నేను, పక్కనే నిలబడి ఉన్నాను. మీరే చెప్పండి, ఒళ్లు మండదా?

ఇక మర్నాటి నుంచి మొదలు. రెండు వీధుల అవతలే వాళ్ల ఇల్లు, తెల్లవారీ తెల్లవారకముందే వచ్చేది. ముందు కుడిచెవి రాళ్ల కమ్మ మర విప్పి, "పట్టుకో మ్మీ" అని నా అరచేతిలో పెట్టేది. అది ఒరుసుకుని ఆయన చర్మం గీసుకుపోతుందని ఆమె భయం. తర్వాత చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎక్కడైనా ఎర్రబడిందా, వాచిందా, వేడిగా ఉందా అని తడిమి చూసి, అప్పుడు చెవి ఆనించి కళ్లు మూసుకునేది. అంతసేపూ నేను కమ్మ పట్టుకుని నిలబడాలి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే. "పలుకుతాండాదబ్బీ" అని ఆమె అంటేగాని ఆయన కాఫీ ముట్టేవాడు కాదు.

ఒకసారి నేను చెవి పెట్టబోతే "నీకు తెలీదులే, అక్క రానీ" అన్నాడు. ఉప్పు తగ్గించి కూరకు రుచి తెచ్చేది నేను, నీళ్లు కొలిచి ఇచ్చేది నేను, నిద్రలో ఎడమపక్కకు ఒత్తిగిలితే లేచి తిప్పేది నేను. వినడానికి మాత్రం ఆమె చెవి కావాలి. పైగా రోజూ నన్ను అడిగేది, "రేత్రి చెయ్యి కిందేసుకొని పండుకోలేదు గదా?" అని, కాపలావాణ్ని అడిగినట్టు.

మాకు టమాటా మార్కెట్లో మండీ ఉంది. ఆయన మరిచిపోయి బాక్సు మీద ఎడమచెయ్యి వేస్తే చాలు, వదిన ఎక్కడి నుంచి చూసేదో, బజారు నడుమ కేకేసేది.

"ఏమప్పా, ఆ చెయ్యి నీదనుకుంటాండావా? అది నాది!"

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, లోపల పళ్లు నూరుకుంటూ.

ఒక ఏడు పీర్ల పండుగ అయ్యాక మా అమ్మ కోసిగి నుంచి వచ్చింది. అల్లుడి కోసం మొక్కుకుని, పీర్ల దగ్గర పెట్టిన ఎర్రదారం తెచ్చింది. "బాగలేని చేతికే కట్టాల" అని ఆ ఎడమచేతికే, మోచేతి కింద బిగించి ముడేసింది. పీర్ల దారం, వద్దని ఎట్లా అంటాడు? కట్టాక విప్పే ధైర్యం మా ఇళ్లలో ఎవరికీ ఉండదు. మర్నాడు వదిన చెవి పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. "శానా సన్నగా ఉండాది. కత్తెర తే" అంది. దారం కత్తిరించి, కళ్లకద్దుకుని, కమ్మ పెట్టుకోను కూడా ఆగకుండా కారు పిలిపించింది. కర్నూలులో స్కాను తీసి, గడ్డకట్టడం మొదలైందని అప్పటికప్పుడే సరిచేశారు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ చెయ్యి పనికిరాకుండా పోయేదన్నాడు డాక్టరు.

మా అమ్మ పీర్ల పేరు చెప్పి చెంపలేసుకుంది. వదిన నాలుగు దులుపుతుందని నేను కొంగు బిగించి కాచుకున్నాను. ఆమె తిడితే ఇన్నాళ్ల కసీ తీరేలా నేనూ తిట్టొచ్చు కదా. ఆమె తిట్టలేదు. కత్తిరించిన దారం కొసలు సరిచేసి మా అమ్మ చేతిలో పెట్టింది.

"అత్తా, నీ మొక్కు యాడికీ పోదు. కుడిచేతికి కట్టు, వదులుగా కట్టు" అంది.

అమ్మ ఏడుస్తూ కట్టింది. ఆ రోజు కుళ్లుకున్నంతగా వదినను చూసి నేను ఎన్నడూ కుళ్లుకోలేదు. మా ఆయన బతికింది ఆమె వల్ల, మా అమ్మ పరువు నిలిచింది ఆమె వల్ల. నాకంటూ ఏమీ మిగల్చదేమి ఈ మనిషి అనుకున్నాను.

అలాంటి మనిషి పోయిందని ఆయనకు నేను చెప్పాలి. సూదులు తీశాక, రక్తం ఆగేదాకా దూది అదిమి పట్టుకుని, అప్పుడు చెప్పాను. తన చేతివైపు చూసుకున్నాడు.

"పొద్దున చెవి పెట్టింది గదా" అన్నాడు.

ఆ సాయంత్రం ఊళ్లో పాడె లేపేటప్పుడు తమ్ముడిగా ఆయన ముందుకొచ్చి ఎడమ భుజం పెట్టి, ఆ చేత్తోనే కట్టె పట్టుకున్నాడు. నాకు ఒళ్లు తెలియలేదు.

"ఆ చెయ్యొద్దు! అది ఆమెది!" అని అరిచాను.

ఏడుస్తున్న వాళ్లంతా తలెత్తి నన్ను చూశారు. ఆయన కట్టె వదిలి, అటువైపు పోయి కుడి భుజం పెట్టాడు.

మర్నాడు తెల్లవారకముందే లేచి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని గేటు వైపు చూస్తున్నాడు. కాఫీ చల్లారిపోయింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఈసారి ఆయన నీకు తెలీదులే అనలేదు. నా కుడిచెవి కమ్మ విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాను. ఆయన కుడిచేతి అరచెయ్యి చాపాడు. అందులో పెట్టి, ఎడమచేతి మీద చెవి ఆనించాను. ఇన్నేళ్లూ ఆమె విన్నది నేను విన్నాను.

"పలుకుతాండాదా?" అన్నాడు.

"పలుకుతాండాది" అన్నాను.

లేవబోయాను. "అక్క ఇంకాసేపు పెట్టేది" అన్నాడు.

చూడండి, పోయాక కూడా ఆమెదే పైచేయి. మళ్లీ చెవి పెట్టాను. ఆయన నా కమ్మను గుప్పిట్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.